వేసవి మూడు నెలలు – వైద్యవిద్యార్థి యెదుట రెండు దారులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము యొక్క పాఠము)



గ్రంథాలయ చరిత్రమును గూర్చియు, దాతల యౌదార్యమును గూర్చియు పెద్దలు ఉదయమునుండి సవిస్తరముగా సెలవిచ్చి యున్నారు. ఈ ప్రసంగమునకు విషయము వేరు. మొన్న సంక్రాంతి వెళ్ళిన పిదప, ఈ పఠనమందిరమునందే, వార్తాపత్రికల బల్లయొద్ద, ఒక వృద్ధులు నలుగురి యెదుట పెట్టిన ప్రశ్న దీనికి మూలము. ఆయన మనుమడు అమెరికాలో పుట్టి పెరిగినవాడు. కాలేజీలో రెండవ సంవత్సరము చదువుచున్నాడు. వైద్యుడు కావలెనని వాని సంకల్పము. రాబోవు వేసవికి వానికి రెండు పిలుపులు వచ్చినవి. ఒకటి, కాలేజీ ప్రొఫెసరుగారి పరిశోధనశాలలో ఎలుకలపై జరుగు ప్రయోగములకు సహాయకుడుగా నుండుట. రెండవది, అలాస్కాలోని బ్రిస్టల్ బే అను అఖాతమున సాల్మన్ చేపలు పట్టు పడవపై కూలికి పోవుట. తండ్రి మొదటిదియే యనును. కుఱ్ఱవాడు రెండవదియే యనును. కోడలు మామగారికి ఫోను చేసి, "మామయ్యగారూ, మీరైనా వాడికి చెప్పండి" అని వాపోయినది.

"ఏమండీ, చేపలు పట్టినవాడికి డాక్టరు సీటు ఎవరిస్తారండీ?" అని ఆయన అడుగగా అందఱును నవ్విరి. నవ్వి విడువదగిన ప్రశ్న కాదు.

మన దేశమున ఈ ప్రశ్నకు చోటు లేదు. ఇచ్చట వైద్యకళాశాల ప్రవేశము నీట్ పరీక్షలో వచ్చిన ర్యాంకుపై నడచును. విద్యార్థి వేసవి నెచ్చట గడపెనో అడుగువాడు లేడు. అడిగినను ఎల్లరిదియు ఒకటే జవాబు, కోచింగు గదిలోనని! అమెరికాలో పద్ధతి వేరు. అచ్చట వైద్యవిద్యకు ముందు సాధారణముగా నాలుగేండ్ల పట్టము కావలెను. 1893లో తెఱచిన జాన్స్ హాప్కిన్స్ వైద్యవిద్యాలయము పట్టభద్రులనే చేర్చుకొందుమని నియమము పెట్టెను. ఆనాటికి అది వింత. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అను నాయన అమెరికా కెనడాలలోని 155 వైద్యపాఠశాలలను పరిశీలించి, మొగమోటము లేని నివేదిక నొకటి ప్రకటించెను. ప్రయోగశాల లేనివి, రోగులు లేనివి, ధనమిచ్చినవాని నెల్ల చేర్చుకొనునవి – ఇట్టి పాఠశాలలు అటుపై క్రమముగా మూతపడెను. వైద్యుడు శాస్త్రజ్ఞుడై యుండవలెనను భావము నాటినుండి బలపడినది. తండ్రిగారి పట్టుదలకు వేరు అచ్చటనే యున్నది.

ఈనాడు అచ్చటి దరఖాస్తులో కాలేజీ మార్కులు, ఎంక్యాట్ అను పరీక్షలో 472 మొదలు 528 వఱకు వచ్చు సంఖ్య, గురువుల ఉత్తరములు, స్వవిషయమున వ్రాసిన వ్యాసము ఉండును. ఇవి గాక, అభ్యర్థి చేసిన పనులలో 15 వఱకు వ్రాసికొనవచ్చును. అందు మూడింటిని ముఖ్యమైనవిగా నెంచి, వాని నేల యెంచెనో మఱికొంత విపులముగా చెప్పవచ్చును. ఆపైని ముఖాముఖి. దండి మహాకవి దశకుమారులు దేశములు తిరిగి వచ్చి తమ తమ వృత్తాంతములు చెప్పుకొన్నట్లుండును ఆ వ్యవహారము. భేదమేమనగా, వినువారు రాజవాహనునివలె మిత్రులు కారు, పరీక్షకులు.

పరిశోధనశాల పక్షమున చెప్పదగిన కథలలో 1921 నాటి టొరాంటో వేసవిని మించినది లేదు. ఫ్రెడరిక్ బాంటింగ్ అను యువవైద్యుడు క్లోమగ్రంథినుండి మధుమేహమునకు మందు తీయవచ్చునను ఊహతో ప్రొఫెసరు మక్లాయిడ్‌గారి నాశ్రయించెను. ఆయన ఒక గది, కొన్ని కుక్కలు, సహాయమునకు ఇద్దఱు విద్యార్థులను చూపెను. వారు చార్లెస్ బెస్ట్, క్లార్క్ నోబుల్. వేసవిని చెఱిసగము పంచుకొనుటకు నిశ్చయించి, ముందెవరు పోవలెనని నాణె మెగురవేసిరట. బెస్టు గెలిచెను. వయస్సు 22 ఏండ్లు, పట్టమప్పుడే ముగిసినది, వైద్యవిద్యలో ఇంకను అడుగు పెట్టలేదు. జీతము లేదు. మేడపై గదిలో ఉక్క. మొదట కుక్కలు వరుసగా చచ్చెను. జూన్ మాసమున ప్రొఫెసరుగారు స్కాట్లండునకు వెళ్ళిరి. బెస్టు కొన్నిదినములు సైనికశిక్షణ శిబిరమునకు పోయి వచ్చునప్పటికి, గాజుపాత్రలు మురికిగా నున్నవనియు, కొలతలు సరిగా లేవనియు బాంటింగు వానిపై నిప్పులు గ్రక్కెను. బెస్టు మాఱు పలుకక, రాత్రి యంతయు మేలుకొని పాత్రలు కడిగి, ద్రావకములు క్రొత్తగా కలిపి పెట్టెనని చెప్పుదురు. తన వంతు ముగిసినను నోబుల్‌తో మాటలాడుకొని తానే నిలిచిపోయెను. జూలై 30న క్లోమరసము నెక్కించిన కుక్కకు రక్తములోని చక్కెర తగ్గెను. 1922 జనవరిలో, కాలిప్ అను రసాయనవేత్త శుద్ధిచేసిన మందుతో, 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సన్ అను బాలుడు మృత్యుముఖమునుండి మరలెను. ఇన్సులినన్న నది. మన గ్రామమున ప్రాతఃకాలముననే సూది వేసికొను వారందఱును ఆ వేసవికి ఋణపడియున్నారు. బెస్టు 1925లో వైద్యపట్టము పొందెను.

నాణెము తిరుగబడిన నోబుల్‌గారి కథయు చెప్పకున్న అన్యాయము. ఆయనయు వైద్యుడయ్యెను. 1952లో ఆయనకు జమైకానుండి ఒక మొక్క ఆకులు వచ్చినవి. అచ్చట మధుమేహమునకు వాని కషాయము త్రాగుదురని వార్త. ఆయన వానిని పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌నకు పంపెను. ఆ యాకు చక్కెరకు మందు కాలేదు. కాని యందుండి క్యాన్సరునకు విన్‌బ్లాస్టిన్ అను మందు వెలువడెను. ఆ మొక్క మఱేదో కాదు, మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరు. వేసవి పోగొట్టుకొన్న వానికి ముప్పదియొక్క యేండ్లకు మఱియొక తలుపు తెఱవబడినది.

ఇక సాహసపక్షము. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ ఎడింబరోలో వైద్యవిద్యార్థి. ఇంట ధనము లేదు. వేసవులలో వైద్యుల కడ మందులు కలిపి కొంత గడించుచుండెను. 1880లో, తోడి విద్యార్థి యొకడు పోవలసిన తిమింగల నౌకపై, అతడు పోలేకపోగా, తాను పోవుదునని ఒప్పుకొనెను. నౌక పేరు హోప్, నాయకుడు జాన్ గ్రే, రేవు పీటర్‌హెడ్. నౌకావైద్యుడుగా నెలకు 2 పౌనుల 10 షిల్లింగులు జీతము. తెచ్చిన నూనెలో టన్నుకు 3 షిల్లింగులు. వయస్సు 20, ఇరువదియొకటవ పుట్టినరోజు ఉత్తరధ్రువ సముద్రముననే గడచెను. వైద్యము చేయు పని కొంచెము; మిగిలినదంతయు మంచుపలకలపై నావికులతో కలసి సీల్ మృగముల వేట. పాపము, పలుమార్లు నీటిలో పడెను. ఒకమా రొంటరిగా సీలు చర్మ మొలుచుచు, వెనుకకు జరిగి గడ్డకట్టు నీటిలో పడగా, పట్టుకొనుటకు మఱేమియు లేక, ఆ చచ్చిన మృగము వెనుకరెక్కనే పట్టుకొని యెగబ్రాకెను. వాని బరువుకు సీలును నీటిలోనికి జాఱుచుండెనట! ఆగస్టులో తిరిగివచ్చి, సంపాదించిన బంగారు నాణెములు తల్లి కిచ్చెను. 1881లో పరీక్ష నెగ్గెను.

కాని డాయిల్ సాహసి మాత్రమే యనుట పొరపాటు. నౌక యెక్కుటకు ముందటి యేడు, 1879లో, జెల్సీమియం అను విషౌషధమును తానే దినదినము మోతాదు హెచ్చించి పుచ్చుకొని, దేహమున కలిగిన వికారములను వరుసగా గుర్తించి, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌నకు వ్రాసెను. 200 బిందువుల మోతాదుకడ విరేచనములు పట్టి నిలువనీయక ఆపవలసి వచ్చినదనికూడ దాచక వ్రాసెను. (ఎవ్వరును దీని ననుకరింపరాదు, ఆనాటి కుఱ్ఱతనము.) చూచినది చూచినట్లు లెక్క వ్రాయు గుణ మొక్కటియే ఇచ్చట శాస్త్రమై, నౌకమీద దినచర్యయై, పిమ్మట కథలై పరిణమించినది. చిఠ్ఠాకు ఏ పేరు పెట్టినను అంకె అంకెయే.

రెండు దారులును ఒక్క మనిషిలో కలిసిన ఉదాహరణము మఱొకటి గలదు. జే మెక్లీన్ శాన్‌ఫ్రాన్సిస్కోవాడు. 1906 నాటి భూకంపమున కుటుంబపు కలిమి పోయెను. చదువునకు ధనముకొఱకు బంగారు గనులలో పనిచేసెను. నూనెబావులు త్రవ్వుచోట పనిచేసెను. ఇప్పటివారు వ్రాసికొనునట్టి సాహసములు కావవి, కూటికై చేసిన కూలి. జాన్స్ హాప్కిన్స్‌లో చోటు లేదని ఉత్తరము వచ్చినను, రైలెక్కి బాల్టిమోరునకే పోయెను. అనుకొనక ఖాళీ ఏర్పడి చేర్చుకొనిరి. పిమ్మట ప్రొఫెసరు విలియం హవెల్‌గారి కడకు పోయి, ఏడాదిలో ముగియగల సమస్య నొకదానిని ఇండని కోరెను. రక్తమును గడ్డకట్టించు పదార్థమును శుద్ధి చేయుమని ఆయన చెప్పగా, 1916లో ఆ కుఱ్ఱనికి కనబడినది సరిగా విపరీతము. కాలేయమునుండి తీసిన సారము కొన్నాళ్ళకు రక్తమును గడ్డకట్టనీయకుండెను! హవెల్‌గారు నమ్మలేదు. అంతట మెక్లీన్ పిల్లి రక్తమును పాత్రలో నుంచి, దానిలో సారము కలిపి, ఇది గడ్డకట్టినప్పుడు పిలువుడని గురువుగారి బల్లపై పెట్టి పోయెను. అది గడ్డకట్టనే లేదు. ఆ దారిలో హవెల్‌గారును మఱియొక విద్యార్థియు 1918లో హెపారిన్ అను పేరు పెట్టిరి. దానిని మనుష్యులకు వాడదగినట్లు శుద్ధి చేయించిన పని టొరాంటోలో, మన చార్లెస్ బెస్టుగారి పర్యవేక్షణముననే జరిగినది.

పేరు పొందిన వారి కథలు వినుటకు బాగుండును. వానిని చూచి తీర్పు చెప్పరాదు. పాత్రలు కడిగిన సహాయకులందఱు బెస్టులు కారు. ఈనాడు పరిశోధనశాలలో చేరిన పిల్లలలో ననేకులు, ఆ ప్రయోగ మేల జరుగుచున్నదో తెలియకయే, ఎలుక బోనులు శుభ్రము చేసి, ఒక కాగితముపై తమ పేరు పదునొకండవదిగా పడవలెనని యెదురుచూచుచుందురు. ముఖాముఖిలో పరీక్షకుడు, "మీరు కనుగొనగోరిన దేమి?" అని యడుగగానే ఆ బండారము బయటపడును. సాహసములలోను నట్టివి గలవు. ధనము చెల్లించి, రెండువారములు బీదదేశమునకు పోయి, అచ్చటి బిడ్డల నెత్తుకొని ఛాయాచిత్రములు దిగి, "సేవ" యని వ్రాసికొనుట అందొకటి. చదువక ముందే అచ్చట కుట్లు వేయుట, సూదులు పొడుచుట వంటి పనులు చేయరాదని అమెరికా వైద్యకళాశాలల సంఘమువారే హెచ్చరికలు ప్రకటించి యున్నారు. తన దేశమున చేయనీయని పనిని పరదేశపు బీదవానిపై చేసి చూచుట సాహసము కాదు, అపరాధము.

ధనము మాట వచ్చినది కనుక ఒక్కమాట. జీతము లేని పరిశోధన చేయగలవాడు కలిగినయింటి బిడ్డ. కొండ లెక్కుటకు పోగలవాడును కలిగినయింటి బిడ్డయే. వేసవియంతయు హోటలులో గిన్నెలు తోమి ఫీజు కట్టుకొను బిడ్డ రెండిటికిని దూరము. ఆ గిన్నెలు తోముటను పదునైదింటిలో నొకటిగా వ్రాసికొనవచ్చును, వ్రాసికొనవలెను. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బాల్యమున కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచిరట. తల్లి వెనుకకు తెచ్చినది. మెట్రిక్ తప్పి తప్పి మూడవమాఱు నెగ్గిరి. తరువాత బోస్టను నగరమున బ్రతుకుతెరువునకు ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకపు పని చేసిరి. ఫాస్పరస్‌ను కొలుచుటకు ఫిస్క్‌గారితో కలసి 1925లో ప్రకటించిన పద్ధతి వారి పేర నేటికిని పిలువబడుచున్నది. రాత్రి మలపాత్రలు మోసినదియు పగలు ప్రయోగము చేసినదియు ఒక్క చేతులే.

అయిన నా తాతగారి ప్రశ్నకు జవాబేమి? ముందుగా తెలిసికొనవలసినది వేఱొకటి. ఆ కుఱ్ఱవాడు రోగుల మధ్య మసలినాడా? చరకుడు వైద్యునకు చెప్పిన నాలుగు గుణములలో శాస్త్రము తేటగా తెలియుట మొదటిది. చికిత్సను పలుమాఱులు కన్నులార చూచుట రెండవది. దక్షతయు శుచిత్వమును తరువాతివి. ఎలుకను చూచినను చేపను చూచినను ఆ రెండవది తీఱదు. రోగిని చూడని దరఖాస్తును అచ్చటి కళాశాలలు సందేహముతో చూచును. ఫోనులో విచారింపగా, వాడు ఏడాదినుండి ప్రతి శనివారము ఆసుపత్రికి పోయి రోగులను చక్రపుకుర్చీలలో త్రోయుచున్నాడని తెలిసినది. తాతగారి కా సంగతి అంతకుముందు ఎవ్వరును చెప్పలేదు.

రెండవ విషయము: వైద్యముతోపాటు పరిశోధనమునందును డాక్టరు పట్టము కోరువానికి, ఆ రెండు పట్టముల చదువునకు, ఎన్నుకొనుటకు దారి లేదు, పరిశోధనశాలయే గతి. ఒక్క వేసవి కాదు, కొన్నియేండ్లు కావలెను. మనవాని కా కోరిక లేదు. వానికి పరిశోధన మేలుచేయును. అది లేకున్న దోషము కాదు. రెండును సమముగా తూగునెడ పరిశోధనశాలకే కాగితముమీద మొగ్గు గలదనుట నిజము. తండ్రి అబద్ధమాడలేదు.

కాని కాలపు లెక్క వేరు. బ్రిస్టల్ బేలో సాల్మన్ చేప జూన్ మధ్యమునుండి జూలై చివర వఱకు వచ్చును. పిదప రమ్మన్నను రాదు. ఎలుక యేడాది పొడుగునను బోనులోనే యుండును. కుఱ్ఱవాడు ప్రొఫెసరుగారి నడుగగా, సెప్టెంబరునుండి వారమునకు పది గంటలు రావచ్చుననెను. ఈ మాట విన్నప్పుడు బల్లయొద్ద నున్నవారు సమస్య తీఱినదనుకొనిరి.

తీఱలేదు. తాతగారు కొంతసేపు పత్రిక మడత పెట్టుచు, విప్పుచు, తరువాత అసలు సంగతి చెప్పిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిననాడు ఈ కుఱ్ఱని తండ్రి తొమ్మిదేండ్లవాడు. అమ్మమ్మగారి యింట నుండెను. రాత్రియంతయు తాటిచెట్టు పట్టుకొని బ్రతికెను. ప్రక్కచెట్టు మీదివారు తెల్లవాఱునప్పటికి లేరు. అటుపిమ్మట ఆయన సముద్రపుటొడ్డున కాలు పెట్టినవాడు కాడు. అమెరికాలో ఇల్లు కొన్నది సముద్రమునకు వెయ్యి మైళ్ళ దూరమున. కుఱ్ఱనితో పరిశోధన యనియు, దరఖాస్తు యనియు, సీటు యనియు వాదించుచున్నాడే గాని, ఈ మాట వానితో ఒక్కనాడును అనలేదు.

ఆ తండ్రి భయము నిరాధారము కాదు. చేపలు పట్టుట అమెరికాలో మిక్కిలి ప్రమాదకరమైన వృత్తులలో నొకటి. నీళ్ళు గడ్డకట్టునంత చల్లన. పడవమీద నిద్ర తక్కువ. వలల త్రాళ్ళు కాళ్ళకు చుట్టుకొనును. డాయిల్ నీట పడి బ్రతికెనన్న కథ విని నవ్వినవారు, పడి బ్రతుకనివారు కథలు వ్రాయరని గుర్తుంచుకొనవలెను. పడవ యజమాని యెవరు, ఎన్నియేండ్ల యనుభవము, పనివారికి తేలుచొక్కా లిత్తురా, పనిచేయుచున్నంతసేపు వానిని తొడిగింతురా – ఇవి సీటుకన్న ముందు అడుగవలసినవి. కుఱ్ఱవాడు నెలదినములు తండ్రితో వాదించెను గాని వీనిలో నొక్కటియు అడుగలేదు. ఆ యొక్క విషయమున వానిది తప్పు. తండ్రిదియు తప్పే; తన భయమునకు సీటు అను ముసుగు వేసెను. ముసుగుతో వాదించిన కొడుకు ముసుగునే చించగలడు.

తాతగా రా సాయంకాలమే కొడుకునకు ఫోను చేసి, "ఉప్పెన సంగతి వాడికి నువ్వే చెప్పు. చెప్పిన తరువాత కూడా వెళతానంటే అప్పుడు చూద్దాం" అనిరి. మరునాడు కుఱ్ఱవాడు తాతకు స్వయముగా ఫోను చేసి చాలసేపు మాటలాడెనట. ఏమి మాటలాడెనో ఆయన చెప్పలేదు. పడవవారికి వాడు ప్రశ్నలు వ్రాసి పంపినాడనియు, తండ్రి ఇంకను ఔననలేదనియు, కాదనుట మాత్రము మానినాడనియు చెప్పిరి.

ఆయన పోవుచు, బీరువాలోని పెద్ద భూగోళపటముల పుస్తకము నడిగిరి. అలాస్కా పుట తీసి, బ్రిస్టల్ బేపై వ్రేలుంచి, అచ్చటినుండి కొడుకు ఊరికి జానలతో కొలిచి, తృప్తి లేక పుస్తకము నింటికి తీసికొనిపోయిరి. గడువు దాటి రెండు వారములైనది. గ్రంథపాలకుడు ఇంకను అడుగలేదు.